పెరటి జీర్ణోద్ధరణము: పశ్చిమ ప్రకాశమునకు తగిన మార్గమేది?

నల్లమల తూర్పు పాదమున గిద్దలూరు మొదలు కంభము, బేస్తవారిపేట, మార్కాపురము, దోర్నాల, యర్రగొండపాలెము వఱకు వ్యాపించిన పశ్చిమ ప్రకాశ భూభాగమున ఏ యూరి పాతవీధిలో ప్రవేశించి యిండ్ల వెనుకకు తొంగిచూచినను, ఒకప్పుడు కరివేప, నిమ్మ, మునగ, జామ, మల్లెపొద, దొండపందిరి చక్కని యమరికతో నొప్పిన పెరళ్లు నేడు మనుష్యుడు చొరరాని పొదలుగా మాఱియుండుట కనబడుచున్నది. వానలు తప్పిన యేండ్లలో పనులకై హైదరాబాదునకు, బెంగుళూరునకు, గుంటూరు సీమకు వలసపోయిన కుటుంబములు తాళము వేసి విడిచిన యిండ్లు కొన్ని. పిల్లలు దూరదేశములలో స్థిరపడగా వృద్ధులైన తలిదండ్రులు మాత్రమే మిగిలిన యిండ్లు కొన్ని. పాడి పోయి, పేడకుప్ప పోయి, బావి యెండి, బోరునీటిని ట్యాంకరునీటిని నమ్ముకొన్న పిమ్మట పెరటివైపు నడకయే తగ్గిపోయిన యిండ్లు మఱికొన్ని. ఇట్టి పెరటిని మఱల వాసయోగ్యముగా చేయదలచిన గృహస్థుని యెదుట నిలుచు ప్రశ్న యొక్కటే: సమస్తమును పెరికివేసి క్రొత్తగా నారంభింపవలెనా, లేక యున్నదానినే దిద్దుకొనవలెనా?

ఈ ప్రశ్నకు మూడు విధములైన సమాధానములు లోకమున ప్రచారమున నున్నవి. జె.సి.బి.ని పిలిపించి ఒక్క పూటలో నేల చదును చేయించి, నర్సరీ నుండి మొక్కలు తెప్పించి నాటింపుమని మొదటి పక్షమువారు చెప్పుదురు. ప్రకృతి తన పని తాను చేసికొనునుగనుక మనుష్యుడు చేయి పెట్టకుండుటయే మేలని రెండవ పక్షమువారు వాదింతురు. ఉన్న చెట్లను పరీక్షించి, ఉంచదగినవానిని ఉంచి, తీయదగినవానిని తీసి, రెండు మూడేండ్లలో క్రమక్రమముగా పెరటిని సంస్కరింపవలెనని మూడవ పక్షమువారి మతము. ఈ మూడింటిని ఈ సీమ నేలను, నీటిని, ఎండను దృష్టిలో నుంచుకొని తూచి చూడవలెను. ఏలయన కోనసీమకు తగిన తీర్పు కంభమునకు తగదు.

మొదటి పక్షమునకు బలము లేకపోలేదు. పని త్వరగా ముగియును. లెక్క ముందుగా తెలియును. పాములకు, తేళ్లకు భయపడువారి మనస్సు వెంటనే కుదుటబడును. కాని ఈ ప్రాంతపు పెరటినేల సామాన్యముగా గరుసుతో కూడిన యెఱ్ఱనేల. మార్కాపురము చుట్టుపట్ల జానెడు మూరెడు లోతునకే పలకరాయి పొరలు తగులు చోట్లును గలవు. ఇట్టి నేలపై పలుచని పొరగా నిలిచిన సారవంతమైన మన్నును యంత్రము గోకివేసినచో మిగులునది గరుసు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు ఈ సీమలో క్రొత్తగా నాటిన మొక్క, వేరు లోతునకు దిగువఱకు, కనీసము రెండు మూడు వేసవులు మనము పోయు నీటిపై నాధారపడి బ్రదుకవలెను. త్రాగునీటికే ట్యాంకరు కొఱకు నిరీక్షించు ఇంటిలో ఆ నీరెవ్వరు పోయగలరు? పాతికేండ్ల నాటి జామకో, ముప్పదియేండ్ల నాటి నిమ్మకో అట్టి యక్కఱ లేదు. అది యనేక క్షామములను దాటి, రాతి సందులలో తేమను వెదకి పట్టుకొని, తన దారి తాను కనుగొన్నది. కఱవుసీమలో ముదురు వేరే గృహస్థుని మూలధనము. దానిని డబ్బుతో కొన వీలులేదు, కాలముతో మాత్రమే సంపాదింప వీలగును. ఈ వ్యాసమునకు మూలమైన యభిప్రాయ మిదియే.

రెండవ పక్షమును గూర్చి ఆలోచించునప్పుడు జపాను దేశపు ప్రకృతి వ్యవసాయవేత్త మసనోబు ఫుకువోకా అనుభవము మిక్కిలి బోధప్రదము. తండ్రి చేతిలో యేటేట కత్తిరింపునకు అలవాటుపడిన నారింజతోటను ఆయన యౌవనమున ప్రకృతికి వదలివేయగా, కొమ్మలు ఒకదానిపై నొకటి పెనవేసికొని, పురుగు పట్టి, చెట్లు నశించినవి. ఆ నష్టమునుండియే ఆయన వదలివేయుటకును ప్రకృతి ననుసరించుటకును గల భేదమును గ్రహించి, తెలుగు పాఠకులకు ‘గడ్డిపరకతో విప్లవం’గా పరిచితమైన గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. ఒకప్పుడు మనుష్యుని చేతిలో పెరిగిన చెట్టునకు ఆ చేయి తొలగినపుడు స్వస్థత దానంతటదియే రాదు. మన పెరళ్లలోని మల్లెపొదలు కట్టెపొదలై పూయుట మానుటయు, నిమ్మచెట్టు లోపలి కొమ్మలెండి పైన మాత్రమే ఆకు నిలుపుటయు ఈ సత్యమునకే నిదర్శనములు.

మూడవ పక్షమునకు ఈ సీమలోనే ఘనమైన నిదర్శన మొకటి గలదు. విజయనగర కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి గల కంభము చెఱువు, గుండ్లకమ్మ నీటిని కొండల నడుమ నిలుపుచు, శతాబ్దముల తరబడి పైరులను పోషించుచున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘము దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించెను. ఇన్ని తరములు అది నిలుచుటకు హేతువు కట్టను ఎప్పటికప్పుడు బాగుచేయుట, తూములను దిద్దుట, పూడికను తీయుట. చెఱువు పాతదైనదని దానిని చెఱిపి వేఱొకటి త్రవ్వవలెనని ఏ తరమువారును తలపలేదు. చెఱువు విషయమున పూర్వులు చూపిన యీ వివేకమునే పెరటి విషయమున మనము చూపవలసియున్నది.

సంస్కరణమునకు మొదటి మెట్టు పరిశీలనము. పాతకాలపు పెరడు యాదృచ్ఛికముగా ఏర్పడినది కాదు. బావి, గాబు, బట్టలుదుకు బండ ఒకచోట. వానినుండి పాఱు నీటి దారిని అరటి, చేమ, కనకాంబరము. వంటింటి వాకిటికి చేరువ కరివేప, తులసి. పడమటి యెండకు అడ్డముగా వేప లేక కానుగ. దడివెంట గోరింట, ఉమ్మెత్త. పశువుల కొట్టము ప్రక్కన దిబ్బ. పొదల క్రింద ఈ యమరిక యింకను దాగియుండును. కావున కొడవలి పట్టుటకు ముందు ఒక వానకాలమున నీరెటు పాఱుచున్నదో, ఎక్కడ నిలుచుచున్నదో, వేసవి మధ్యాహ్నమున నీడ ఎక్కడ పడుచున్నదో, ఏ చెట్టు ఎప్పుడు పూయుచున్నదో గమనించి, ఉంచవలసిన చెట్టునకు సున్నపు బొట్టును, తీయవలసినదానికి ఎఱ్ఱ గుడ్డయు పెట్టుట మంచిది. ఈ గుర్తులు లేకుండ కూలీలను పురమాయించినచో పారిజాతమును కంపయు ఒకే మోపులో పోవును.

తీయవలసినవానిలో మొదటిది సర్కారు తుమ్మ. 1870 దశకమున వంటచెఱకు కొఱకై జమైకా నుండి తెప్పించిన దీని విత్తనములు మొట్టమొదట నాటబడిన చోట్లలో మన పొరుగుననే యున్న కడప జిల్లాలోని కమలాపురము ఒకటి. మేకలు, పశువులు కాయలు తిని పేడద్వారా విత్తనమును వెదజల్లగా అది ఊరూరా పెరటిగోడలను దాటినది. దీని జాతి వేరు అమెరికాలో ఒక గనిలో 53 మీటర్ల లోతున కనబడినట్లు నమోదైయున్నది. అనగా మన బావి యందని తేమను సైతము అది యందుకొనగలదు. నేలమట్టమునకు నఱికినచో మొదట నొక కాండమున్నచోట పది కాండములు లేచును. నిప్పు పెట్టినను మొదలు చావదు. వానలు కురిసి నేల మెత్తబడినపుడు మొదలు చుట్టును త్రవ్వి, చిగుళ్లు పుట్టు కణుపు భాగమును జానెడు లోతువఱకు పెల్లగించి తీయుటయే దీనికి మందు. ఇట్లు తీసిన కట్టె మంచి బొగ్గగునుగనుక కూలిలో కొంత భాగము దానివలననే తిరిగి వచ్చును. పెరడంతయు తుమ్మయే యైనచో, ఉంచదగిన చెట్టొక్కటియు లేనిచో, అక్కడ మాత్రము మొదటి పక్షమువారి యంత్రమే సరియైనదని అంగీకరింపవలెను; కాని అప్పుడును నేలను బీడుగా విడువక జనుమునో జీలుగనో వెంటనే చల్లవలెను, ఏలయన బోడినేలపై మొదట లేచునది మఱల తుమ్మయే.

రెండవది వయ్యారిభామ. 1950 దశకమున పూనా ప్రాంతమున కనబడినది మొదలు దేశమంతట వ్యాపించిన ఈ కలుపు ఒక్కొక్క మొక్కకు వేలకొలది విత్తనములు రాల్చును. దీని పుప్పొడి కొందఱికి ఉబ్బసమును, చర్మవ్యాధిని కలిగించును. పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేరుతో పెరికినచో అది మంచి కంపోస్టగును. పూచిన పిమ్మట పెరికినదానిని దిబ్బలో వేయరాదు. దీనిని తిను మెక్సికో దేశపు పెంకుపురుగును 1980 దశకమున శాస్త్రజ్ఞులు మన దేశమునకు తెచ్చిరి. వానకాలమున ఆకులపై అది కనబడినచోట మందు చల్లక దాని పనిని దానిని చేసికొననీయవలెను. పూలకంచెగా నొకనాడు తెచ్చిన లాంటానా అడవి యంచులందలి పెరళ్లలో పొదలు కట్టును. దానిని కూడ మొదలుతో తీయవలెను. తుంగ గడ్డలను మాత్రము వేసవిలో రెండు మూడు మాఱులు త్రవ్వి ఎండకు వేయుట తప్ప శీఘ్రమైన యుపాయము లేదు.

ఇక ఉంచిన చెట్లను కత్తిరించు విషయమున శాస్త్రమును సంప్రదాయమును రెండును మనకు సాయపడును. అమెరికా యటవీశాఖకు చెందిన ఆలెక్స్ షైగో వేలకొలది చెట్లను నిలువున కోసి పరిశీలించి, చెట్టు గాయమును మాన్పుకొనదనియు, గాయపడిన భాగము చుట్టును గోడ కట్టి లోపలికి కుళ్లు వ్యాపింపకుండ మూసికొనుననియు స్థాపించెను. కావున కొమ్మను కాండముతో సమముగ చెక్కివేయరాదు. మూడంగుళముల మోడును విడువరాదు. కొమ్మ కాండముతో కలియుచోట నుబ్బిన పట్టీని చెఱపకుండ దాని వెలుపలనే కోయవలెను. పెద్దకొమ్మను మొదట క్రిందినుండి కొంత, తరువాత పైనుండి పూర్తిగ, చివఱకు మిగిలిన మోడును, ఇట్లు మూడు కోతలలో తీసినచో బెఱడు చీలదు. కోతపై పూతలు కుళ్లును ఆపవని షైగో మతము. మన తోటల శాస్త్రజ్ఞులు బోర్డో ముద్దను పూయుమందురు. ఈ రెండింటికి విరోధము కనబడినను, బంకతెగులు సోకు నిమ్మజాతికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, పది లీటర్ల నీటితో చేసిన ముద్ద మేలుచేయుననియు, వేప, కానుగ వంటి గట్టిచెట్లకు శుభ్రమైన కోతయే చాలుననియు సమన్వయము చేసికొనవచ్చును. మఱి యీ సీమ యెండకు బయటబడిన క్రొత్త బెఱడు మాడిపోవునుగనుక, కత్తిరించిన చెట్టు కాండమునకు సున్నము కొట్టుట ఇచ్చట తప్పనిసరి.

అన్ని చెట్లకు ఒకే కత్తెర పనికిరాదు. జామ, సీతాఫలము క్రొత్త చిగురుమీదనే పూయునుగనుక వానిని ధైర్యముగ కత్తిరింపవచ్చును. సీతాఫలమునకు ఆకు రాలిన వేసవి మొదటి దినములు, జామకు తొలకరికి ముందటి దినములు అనుకూలము. మునగను కాపు ముగిసినపిమ్మట మూడడుగుల యెత్తున నఱికినను తిరిగి పొదయై లేచును. కరివేపను మోకాలియెత్తునకు తగ్గించినచో లేతాకు సమృద్ధిగ నిచ్చును. ఆకాశమునకు పోయిన మామిడిని లక్నో లోని కేంద్ర ఉపోష్ణ ఉద్యాన సంస్థ చూపిన పద్ధతిని డిసెంబరు ప్రాంతమున మూడు నాలుగు మీటర్ల యెత్తునకు దించి, వచ్చిన చిగుళ్లలో బలమైనవానిని మాత్రము నిలిపినచో రెండు మూడేండ్లకు మఱల కాపునకు వచ్చును. నిమ్మను మాత్రము అట్లు మోడు చేయరాదు. ఎండుపుల్లలను, నిట్టనిలువుగ లేచు నీటికొమ్మలను తీసి, మొదలు చుట్టును మట్టిని తొలగించి, నీరు కాండమునకు తగులకుండ దూరముగ పాదు చేయవలెను. సపోటాకు ఎండిన కొమ్మలు తీయుటకు మించి పనిలేదు. కొబ్బరికి చిగురు ఒక్కటేగనుక దాని తల నఱకుట చంపుటయే. వేప, చింత వంటి మహావృక్షములకు క్రిందికొమ్మలను మాత్రమే తీసి వెలుతురు రానీయవలెను. వీనికి ఏ యేటను పచ్చని ఆకులో నాలుగవ వంతుకు మించి పోగొట్టరాదు.

పూలపొదలకు మూడేండ్ల నియమము ఉత్తమము. మొదలునుండి అనేక కాండములతో లేచు నందివర్ధనము, గోరింట, మందారము వంటివానికి ఏటేట మిక్కిలి ముదిరిన కాండములలో మూడవ వంతు నేలదగ్గఱ తీసినచో, మూడవ యేటికి పొద యంతయు క్రొత్తదగును. అంతవఱకును పూజకు పూవు లోటుపడదు. మల్లెను మాత్రము కార్తీక మార్గశిరములలో నీరు ఆపి, ఆకు దూసి, మూరెడు యెత్తున నఱికి, పిమ్మట ఎఱువు వేసి నీరు పెట్టినచో వేసవి మొదలగునప్పటికి మొగ్గ తొడుగును.

చెట్టును దిద్దిన పిమ్మట దాని కాలిక్రింది నేలను దిద్దవలెను. వేసవిలో ఎండిన చెఱువులనుండి తీయు పూడికమట్టి ఈ సీమ పొలములకు తరతరాలుగ ఎఱువైనది. గరుసునేలలో తేమను నిలుపుటకు అంతకంటె మంచిది దొరకదు. దానిని చెట్టు మొదట కుప్పగా పోయక, కొమ్మల కొసల క్రిందుగ పలుచగా పఱచవలెను. తీసిన కలుపును, కత్తిరించిన ఆకును, కానుగ, తంగేడు, జిల్లేడు మండలను బయట పాఱవేయక నేలపై కప్పుటను, 2016 నుండి రైతు సాధికార సంస్థ యాధ్వర్యమున మన రాష్ట్రమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయమున ఆచ్ఛాదన యందురు. అడవియైన పెరటిలో ఆకు పుష్కలముగనుండును. దానిని కాల్చుట ఎఱువును చేజేతుల కాల్చుటయే.

నీటి విషయము ఈ సీమకు ప్రాణప్రశ్న. కనిగిరి, పొదిలి, దర్శి మొదలు మార్కాపురము వఱకు భూగర్భజలములలో ఫ్లోరిను అధికము. త్రాగునీటికి లీటరునకు 1.5 మిల్లీగ్రాములు హద్దు కాగా, దానిని మించిన బోర్లు ఇచ్చట అనేకము. ఇట్టి నీటిలో తఱచుగ సోడియము, బైకార్బనేటు కూడ హెచ్చుగనుండుటచే, ఏండ్ల తరబడి పెట్టినచో నేల చౌడు తిరుగును. అప్పుడు మట్టిని పరీక్ష చేయించి, జిప్సము వేయవలెనేమో దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థల సలహా తీసికొనుట యుక్తము. ఇంటివారు తిను ఆకుకూరలకు వీలైనంతవఱకు వాననీటినే వాడవలెను. వాననీటి లెక్క సులభము: 100 చదరపు మీటర్ల మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన 100 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసినచో 60,000 లీటర్లు. అందు నాలుగవ వంతు వృథాయైనను 45,000 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు మూడువేలు. ఈ నీటిని వీధికాలువలోనికి విడువక ఎండిన బావిలోనికో, ముదురు చెట్ల పాదులవద్ద త్రవ్విన గుంటలలోనికో మళ్లించినచో పెరటి సగము రోగము కుదురును. నల్లమల సొరంగములద్వారా కృష్ణనీటిని తెచ్చు వెలిగొండ పథకమునకై ఈ సీమ దశాబ్దములుగ నిరీక్షించుచున్నది. మిద్దెపై పడు నీటికి మాత్రము నిరీక్షణ మక్కఱలేదు.

బాటకు, పాదుల అంచులకు రాయి కొనవలసిన పని కూడ లేదు. దేశమందలి బడిపిల్లలకు పలకల నందించిన మార్కాపురమున, గనులచెంతను పలకల పరిశ్రమలచెంతను తునకలు గుట్టలుగ పడియున్నవి. వానిని నిలువుగ నాటినచో పాదునకు అంచగును. పఱచినచో వానకాలమున కాలికి బురద అంటని బాటయగును. సిమెంటుతో పెరడంతయు కప్పుట మాత్రము తగదు. వాననీరు ఇంకు దారియు మూసికొనును, ఎండవేడియు ఇంటిలోనికి మళ్లును.

పొదలలో మనకంటె ముందు కాపురముండు ప్రాణులను మఱవరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ సీమలో గలవు. రాళ్లగుట్టల క్రింద తేళ్లుండును. పనిని ఇంటి గోడనుండి మొదలిడి దడివైపునకు సాగించినచో వానికి పాఱిపోవ దారి యుండును. పొడవాటి కఱ్ఱతో ముందు కదలించి, కాళ్లకు బూట్లు తొడిగి, పగటివేళనే పని చేయింపవలెను. కాటు తగిలినచో గాటు పెట్టక, బిగించి కట్టక, విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి తక్షణమే చేర్చవలెను. గూళ్లలో పిల్లలున్న పిట్టల కొమ్మను కొన్నివారములు ఆగి కోసినచో నష్టమేమియు లేదు. పెద్దచెట్టును కూల్చక తప్పనప్పుడు, 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ననుసరించి ముందుగ అధికారుల అనుమతి విషయము విచారించుకొనవలెను.

ఈ పనులన్నిటికి ఋతుక్రమ మొకటి గలదు. ఈశాన్య రుతుపవనము వెనుదిరుగు దినములలో నేల మెత్తగ నుండునుగనుక తుమ్మను, కలుపును పెల్లగించుట; డిసెంబరునందు మామిడి, మల్లె కత్తిరింపు; వేసవిలో జామ, సీతాఫలము తప్ప తక్కినవాని పెద్దకోతలు మాని పూడిక తోలుట, రాయి పఱచుట, గుంటలు త్రవ్వుట; రోహిణి కార్తె యెండలు తగ్గి మృగశిర ప్రవేశించిన పిమ్మట పచ్చిరొట్ట చల్లుట. క్రొత్త మొక్కలు నాటుట రెండవ యేటికి వాయిదా వేయవలెను. అప్పటికి పాతచెట్ల నీడ ఎచ్చట పలుచబడినదో తెలియునుగనుక, ఖాళీ కనబడిన రెండు మూడు చోట్ల దానిమ్మయో, ఉసిరియో నాటినచో చాలును. ఇట్లు పంచుకొనిన పని ఇంటివారు ఒకరిద్దఱు కూలీల సాయముతో నడపుకొనగలుగునంతటిదే యగును. వ్యయమును ఒక్కమాఱుగ మీద పడదు.

ఈ సమీక్షచే తేలునదేమన, సమూలముగ తీసివేయుట తుమ్మవనమునకు మాత్రమే యుచితము. వదలివేయుట ఏ పెరటికిని ఉచితము కాదు. తక్కిన సమస్త స్థలములయందును వివేచనతో దిద్దుటయే శ్రేష్ఠము. సెలవులకు ఊరికి వచ్చినపుడు మూసిన యింటి తలుపు తెఱచువారికి ఈ వ్యాసకర్త మనవి యొక్కటే: ఆ దినముననే యంత్రమునకు కబురు పెట్టకుడు. మీ పెద్దలు నాటిన చెట్టు మీరు లేని కాలమున నీరు పోయువారు లేకయే బ్రదికినది. అట్టి వేరును మఱల సంపాదించుటకు మీకు ఇరువదియేండ్లు పట్టును, నిలుపుకొనుటకు ఒక శీతకాలపు శ్రమ చాలును. ఆ శ్రమను ఈ యేటనే యారంభింపుడు.